ప్రాణహిత ఒడ్డున చిక్కుకున్న గ్రహాంతరవాసి: వాడు ఎందుకు వెళ్ళలేడో ముందు తేల్చుకో

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముగ్గురు దోస్తులు, ఒక ఫోను, 40 వేల రూపాయలు, 25 నిమిషాల సినిమా. ఆకాశం నుంచి వచ్చి మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మన సిరొంచ దగ్గర చిక్కుకుపోయిన గ్రహాంతరవాసి కథ. చూసినవాళ్ళు కాపీ అంటారేమో, వాడు ఏ భాష మాట్లాడాలి, ఇంత తక్కువ డబ్బుతో వాణ్ణి చూపించడం అయ్యే పనేనా అని అడిగావు. నేను పుట్టింది ప్రాణహిత నది ఒడ్డునే. పదిహేడేళ్ళు హైదరాబాదులో సినిమాలకు ప్రాపర్టీలు, మాస్కులు, బొమ్మలు చేసి, నడుము ఇక చాలన్నాక ఇంటికొచ్చేశాను. కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిక పట్టు.

కాపీ భయం ముందు తీసెయ్. ఈ కథ ఎవరి సొత్తూ కాదు. మా చిన్నప్పుడు గణపతి పండక్కి వీసీఆర్ అద్దెకు తెచ్చి రాత్రంతా సినిమాలు వేసేవాళ్ళు, ఒకటి హిందీ అయితే ఒకటి తెలుగు. 1990లో వచ్చిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ నేను చూసింది అట్లాగే, వాకిట్లో చాప మీద. ఇంద్రుడి కూతురు భూమ్మీద ఉంగరం పోగొట్టుకుంటుంది. ఉంగరం లేనిదే పైకి పోలేదు. 1994 నాటి ‘యమలీల’లో కింద పడింది యముడి పుస్తకం. 2014లో వచ్చిన ‘పీకే’లో వేరే గ్రహం నుంచి వచ్చినవాడి రిమోటును దిగీ దిగగానే దొంగ ఎత్తుకుపోతాడు. ఉంగరం, పుస్తకం, రిమోటు. మా అమ్మమ్మ చెప్పే కథలో అయితే చెరువు గట్టున దేవకన్య విప్పి పెట్టుకున్న చీర. వస్తువు మారింది, కథ అదే.

ఇంకా పెద్దవాళ్ళకే ఈ పేచీ తప్పలేదు. సత్యజిత్ రే 1962లో ‘సందేశ్’ పత్రికలో ఒక బడిపంతులికీ గ్రహాంతరవాసికీ కుదిరిన స్నేహం మీద చిన్న కథ రాశారు. 1967లో హాలీవుడ్ కోసం స్క్రిప్టు రాశారు. అందులో అంతరిక్ష నౌక బెంగాల్ పల్లెలో ఒక చెరువులో దిగుతుంది. పైకి తేలిన శిఖరం చూసి ఊరివాళ్ళు గుడి అనుకుంటారు. ఆ సినిమా తియ్యనే లేదు. 1982లో స్పీల్‌బర్గ్ ‘ఈ.టీ.’ వచ్చాక ఆ స్క్రిప్టుతో పోలికలున్నాయని రే అన్నారు, స్పీల్‌బర్గ్ కాదన్నారు. వాళ్ళ తగువు మనకెందుకు గానీ, నౌక చెరువులో దిగితే జనం గుడి అనుకోవడం చూడు. అది ఆ ఊరు తెలిసినవాడికే తట్టే ఊహ. నీ సినిమాలో అలాంటిది ఒక్కటి, సిరొంచవాడికే తట్టేది, ఉంటే నిన్ను కాపీ అనే మొనగాడు లేడు.

నువ్వు పంపిన కథ సారాంశంలో నాకు కనిపించిన లోటు వేరు. వాడు ఎక్కణ్ణుంచి వచ్చాడో ఒక పేజీ రాశావు. గ్రహం పేరు, రెండు సూర్యుళ్ళు, యుద్ధం. ఎందుకు తిరిగి పోలేకపోతున్నాడు అన్నదానికి మాత్రం ‘నౌక చెడిపోయింది’ అని రెండు ముక్కలు. చిక్కుకుపోయినవాడి కథకు అదే కదా ఇరుసు! చెడిపోతే బాగుచేసుకోడా? ఎవరైనా వచ్చి తీసుకుపోరా? ఎన్నాళ్ళు పడుతుంది? ప్రేక్షకుడికి ఈ మూడూ తెలిస్తేనే వాడి మీద జాలి పుడుతుంది. లేకపోతే తోలుబొమ్మ.

చిక్కుకుపోవడం అంటే ఏంటో మన తాలూకాలో ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మన దిక్కు కూలోళ్ళు ఎంతమంది మిర్చి ఏరడానికి అవతలికి పోయి ఆగిపోయారో గుర్తుందా? నదికి అటు తెలంగాణ, ఇటు మహారాష్ట్ర. మా వీధి ముసలమ్మ కొడుకూ కోడలూ కాళేశ్వరం వైపు ఉండిపోయారు. పొద్దుగూకితే ఆమె ఒడ్డుకు పోయి కూర్చునేది. అవతల దీపాలు కనిపిస్తాయి, ఫోనులో మాట వినిపిస్తుంది, మనిషి మాత్రం రాలేడు. వంతెన ఉంది, దాటనివ్వరు. నీ గ్రహాంతరవాసికి కావలసింది సరిగ్గా ఇదే: ఇల్లు ఎటుందో తెలుసు, దారి తెలుసు, పోలేడు.

ఇప్పుడు నా బుర్రలో తిరుగుతున్నది చెప్తాను. నచ్చితే వాడుకో, పైసా అడగను.

2022 ఏప్రిల్ 2, ఉగాది. మరాఠీవాళ్ళకు గుఢీ పాడ్వా, మనింట్లో పచ్చడీ గుఢీ రెండూ. ఆ సాయంత్రం మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ మీదుగా ఆకాశంలో నిప్పుల వరస ఒకటి పోయింది, ఎందరో ఫోన్లలో తీశారు. పక్క జిల్లా చంద్రపూర్‌లో సిందేవాహి తాలూకా లాడ్‌బోరి ఊళ్ళో దాదాపు 3 మీటర్ల వెడల్పున్న లోహపు రింగు పడింది. చుట్టుపక్కల ఊళ్ళలో బోలు గుండ్లు కూడా దొరికాయి. ఇస్రోవాళ్ళు వచ్చి చూశారు. ఏడాదికి పైగా భూమి చుట్టూ తిరిగి తిరిగి పడ్డ చైనా లాంగ్ మార్చ్ రాకెట్టు ముక్కలై ఉంటాయని నిపుణులు తేల్చారు. ఇదంతా జరిగిన సంగతి. ఇక్కణ్ణుంచి నీ కల్పన మొదలుపెట్టు. ఆ రాకెట్టు తుక్కు కిందికి వస్తూ వస్తూ వాడి ఓడను గుద్దింది. వాడు దండెత్తి రాలేదు, దారిన పోతున్నాడు. మన చెత్త తగిలి పడ్డాడు. అంటే తప్పు మనది. యుద్ధాలు, రెండు సూర్యుళ్ళు కొట్టిపారెయ్, ఈ ఒక్క కారణం చాలు.

పదకొండు రోజులు గడిస్తే ఏప్రిల్ 13, ప్రాణహిత పుష్కరాలు. 24 దాకా. సిరొంచ ఘాటు, అవతల కాళేశ్వరం, ఎక్కడ చూసినా జనం, పోలీసులు, మైకులు, తప్పిపోయిన పిల్లల పేర్లు. దాక్కోవాల్సినవాడికి అడవి కంటే జాతర మేలు. పగటివేషగాళ్ళు, మరాఠీవాళ్ళ బహురూపులు, ఒళ్ళంతా బూడిద పూసుకున్న బైరాగులు తిరిగే చోట ఇంకొక వింత ఆకారాన్ని ఎవడు పట్టించుకుంటాడు? రూపాయి బిళ్ళ వేసి పోతారు. ఆ సీను నాకిప్పుడే కనిపిస్తోంది: వాడి చేతిలో నాణేలు, ఎందుకిచ్చారో తెలియక, వాడికి దోస్తయిన ఊరి పాప వైపు చూస్తుంటాడు. ఇప్పుడు నీకు పుష్కరాల జనం దొరకరని దిగులుపడకు. మహాశివరాత్రికి కాళేశ్వరంలో తీసుకో, దగ్గర షాట్లు తర్వాత కలుపుకో.

అసలు సంగతి ఇదిగో. బృహస్పతి మీనరాశిలో ప్రవేశిస్తే ప్రాణహితకు పుష్కరం. గురుడు సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి దాదాపు 12 ఏళ్ళు. అందుకే మళ్ళీ 2034లో. ఇప్పుడు నక్షత్రాల వైపు రా. సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి, 4.24 కాంతి సంవత్సరాలు, అంటే వెలుగు అక్కణ్ణుంచి మనదాకా రావడానికి 4.24 ఏళ్ళు. అందరూ దాని పేరే వాడతారు, నువ్వు వదిలెయ్. బర్నార్డ్ నక్షత్రం పట్టుకో. అది దాదాపు 6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని చుట్టూ చిన్న గ్రహాలు తిరుగుతున్నాయని 2024, 2025లలో శాస్త్రవేత్తలు ప్రకటించారు కూడా. మన ఒడ్డు నుంచి వాడొక కబురు వెలుగు వేగంతో పంపితే ఇంటికి చేరడానికి 6 ఏళ్ళు. వాళ్ళు వెంటనే జవాబిచ్చినా ఇటు రావడానికి ఇంకో 6. మొత్తం 12. పుష్కరాల్లో పంపిన కబురుకు జవాబు మళ్ళీ పుష్కరాలకే!

ఇది నాకు తట్టిన రాత్రి నిద్ర పట్టలేదు, అబద్ధం చెప్పను. సైన్సు లెక్కా మన పంచాంగం లెక్కా ఒకే అంకె మీదికి వచ్చి నిలబడ్డాయి. పాపకు 11 ఏళ్ళు అనుకో, జవాబు వచ్చేసరికి 23. ‘ఎప్పుడొస్తరు మీవోళ్ళు?’ అని అడిగితే వాడు వేళ్ళతో చెప్పలేడు, నది వైపు చూపిస్తాడు. ఆ పిల్లకు అర్థమవుతుంది, ఎందుకంటే వాళ్ళ నానమ్మ కూడా వయసును పుష్కరాల్లోనే లెక్కపెడుతుంది.

ఇంకో చమత్కారం. బర్నార్డ్ నక్షత్రం అంత దగ్గర ఉన్నా వట్టి కంటికి కనిపించదు, అంత మసక. ఏప్రిల్‌లో రాత్రి పొద్దుపోయాక తూర్పున వృశ్చికం లేస్తుంది కదా, దానికి ఉత్తరాన ఉండే సర్పధారి మండలంలో ఉంటుంది. వాడు ‘అదే మా ఇల్లు’ అని వేలు చూపిస్తాడు. పాప ఎంత చూసినా అక్కడ నలుపే. ఇది గ్రాఫిక్స్ అక్కర్లేని షాటు, తమ్ముడూ. నల్లటి ఆకాశం, ఒక వేలు.

మరి కబురు ఎలా పంపుతాడు? ఇక్కడ లెక్క పక్కాగా అడిగితే మనం దొరికిపోతాం. ఆరు కాంతి సంవత్సరాల దూరానికి వినపడాలంటే మహా పెద్ద డిష్షులు కావాలి, ఇంటి సామాన్లతో అయ్యేది కాదు. వాయేజర్ 1 ఉంది చూడు, 1977లో బయల్దేరి ఇంత దూరం పోయింది కదా, దాని దగ్గరికి రేడియో సంకేతం చేరడానికే 23 గంటలకు పైన పడుతుంది. దాని సన్నటి గొంతు వినడానికి నాసా 70 మీటర్ల డిష్షులు పెట్టుకుంది. అంతా కలిపి అది పోయింది దాదాపు ఒక్క కాంతి రోజు దూరమే! కాబట్టి పరికరం వాడిది, మనకు అర్థం కానిది. దానికి కావలసిన ఒక్క వస్తువు మాత్రం మన దగ్గర ఉండాలి. నేనైతే ఆ రింగే అంటాను. ఓడను గుద్దిన రాకెట్టు రింగే వాడికి ఏంటెనా. అదేమో పోలీస్ స్టేషన్ వెనక తాళం లోపల. అతిలోకసుందరికి వేలి ఉంగరం, వీడికి మూడు మీటర్ల ఉంగరం! తెలుగువాడు చూడగానే నవ్వుకుంటాడు, నువ్వేమీ విడమరచి చెప్పొద్దు. నిజంగా పడింది లాడ్‌బోరిలో, మనకు చాలా దూరం. అందుకని నీ సినిమాలో ఇంకో ముక్క పడ్డట్టు పెట్టుకో, ఊరికి లేని పేరు పెట్టు. అసలు ఊరి పేరు పెట్టి అబద్ధం చెప్పకు.

ఆ రింగు చెయ్యడం చాలా చవక. 3 మీటర్ల వెడల్పుకు చుట్టుకొలత దాదాపు తొమ్మిదిన్నర మీటర్లు. బోరు మోటారుకు వాడే నల్ల పైపు చుట్టలుగా వస్తుంది, వంపు దానికి ముందే ఉంటుంది. తొమ్మిదిన్నర మీటర్లు కోసి, రెండు కొసల్లో కర్రముక్క దిగ్గొట్టి కలుపు. పైన పాత బస్తా గుడ్డను ఫెవికాల్‌లో ముంచి చుట్టు. ఆరాక వెండి పెయింటు, దాని మీద బొగ్గుపొడి కలిపిన ఫెవికాల్ అక్కడక్కడా. కాలిన లోహంలో ఒకచోట నీలం, ఒకచోట ఊదా కనిపిస్తుంది. సైలెన్సర్ గొట్టం దగ్గర చూడు, తెలుస్తుంది. ఆ రంగు రెండు చోట్ల తగిలిస్తే నీ రింగు అచ్చం ఆకాశం నుంచి పడ్డట్టే ఉంటుంది. ఇద్దరు మోస్తున్నప్పుడు బరువు నటించాలి, అది మాత్రం మర్చిపోవద్దు. మావాళ్ళు ఒకసారి థర్మోకోల్ బండను గాలికి ఎగరకుండా పట్టుకున్నట్టు మోశారు, థియేటరంతా నవ్వింది.

భాష దగ్గరికి వద్దాం. మన పౌరాణికాల్లో దేవతలకు తెలుగు వచ్చు. ఇంద్రుడి కూతురు దిగగానే గలగలా మాట్లాడుతుంది, యముడు సమాసాలు దంచుతాడు. ఎక్కడ నేర్చుకున్నారని ఎవరం అడగలేదు. సైన్స్ ఫిక్షన్‌లో ఆ సుఖం లేదు, మొదటి గోడ భాషే. ‘పీకే’ వాడు ఒకామె చెయ్యి గంటల తరబడి పట్టుకుని భోజ్‌పురి లాగేసుకుంటాడు. చక్కటి ఉపాయం, కానీ అది వాళ్ళది అయిపోయింది. నీకు ఇంకా మంచిది ఉంది, చేతికి అందేంత దూరంలో.

వాయేజర్ నౌకలు రెండింటి మీదా బంగారు పూత పూసిన రాగి రికార్డు పెట్టారు, గుర్తుందా? భూమ్మీది చప్పుళ్ళు, పాటలు, 55 భాషల్లో పలకరింపులు. అందులో తెలుగు ఉంది! నమస్తే చెప్పి, తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు అందించే ఒక్క వాక్యం. మరాఠీ ఉంది, ఒడియా ఉంది. గోండి లేదు. నీవాడు దారిలో వాయేజర్‌ను చూసి ఉంటాడు. ఒక్కో భాషకు ఒక్కో వాక్యం చొప్పున, మొత్తం 55 వాక్యాలు, అంతకు మించి మనుషుల మాట ఒక్కటీ రాదు వాడికి. చీకట్లో పాప ఎదురైతే చైనీస్, అరబిక్, ఫ్రెంచి అన్నీ వరసగా ప్రయత్నించి చివరికి తెలుగులో పడతాడు, అదీ యాభై ఏళ్ళ కిందటి మర్యాద గొంతుతో.

ఇప్పుడు మన పాప సంగతి చూడు. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. మరాఠీలో ‘శుభేచ్ఛా’ అంటే తెలుసు, ‘శుభాకాంక్షలు’ అన్న మాట అది ఎప్పుడు విన్నది? అవతల మైకుల్లో, లీడర్ల నోట. సీను ఇట్లా రాసి చూశాను:

పాప మరాఠీలో అడుగుతుంది: ‘తూ కోణ్ ఆహేస్?’ (ఎవరు నువ్వు?)
వాడు నమస్తే చెప్పి శుభాకాంక్షల వాక్యం అప్పజెప్తాడు.
‘అవ్వో, తెలుగోనివా! లీడర్‌వా నువ్వు?’
మళ్ళీ అదే వాక్యం.
‘ఓట్లు మా బాపునడుగు. నాకు లేదు ఓటు.’

నవ్వు వస్తుంది కదా? పదిహేను నిమిషాల తర్వాత ఇదే వాక్యం ఏడిపించాలి. భయమేసినా, ఆకలేసినా, దెబ్బ తగిలినా వాడి దగ్గరున్న తెలుగు అదొక్కటే. పాప వినీ వినీ ఏ స్వరంలో అంటే ఏం అర్థమో పట్టేస్తుంది. ఆ ఒక్క వాక్యాన్ని ఏడెనిమిది రకాలుగా పలికించగలిగితే నీ డైలాగు రైటరు సగం పని చేసినట్టే. రికార్డులో ఉన్న అసలు గొంతు వాడకు, అనుమతుల గొడవ. ఊళ్ళో ఎవరైనా పెద్ద మేష్టారు చేత నీ మాటల్లో ఒక వాక్యం చదివించు.

పాప మాటలు మాత్రం హైదరాబాదు సినిమా తెలంగాణలో రాయొద్దు, చేతులు జోడించి చెప్తున్నా. మనం ‘బడికి పోయినవా’ అనం, ‘శాళకు పోయినవా’ అంటాం. కూరకూ లెక్కకూ తెలుగు, దరఖాస్తుకూ పరీక్షకూ మరాఠీ, బజార్లో హిందీ. మీ చెల్లెలు, మేనకోడలు మాట్లాడుతుంటే ఫోనులో రికార్డు చేసి అదే వేయి. గోండి మాట్లాడే పాత్ర పెడితే ఆ ఊరివాళ్ళనే రాయమను. రికార్డులో లేని భాష అది. వాడు 55 పలకరింపులూ అయిపోగొట్టుకున్నాక ఒక గోండు ముసలాయన ఏ మాటా అనకుండా చుట్ట ముట్టించి పక్కన చోటు చూపిస్తే చాలు, నాకైతే అదే సినిమాలో పెద్ద సీను.

బొమ్మ. ఇది నా పని కాబట్టి కసిరినట్టు చెప్తాను, ఏమనుకోకు. నువ్వు రాసిన ‘ఒళ్ళంతా లేటెక్స్ సూటు’, అదే రబ్బరు సూటు, మానెయ్. ఒక సినిమాకు, పేరు చెప్పను, మే నెలలో రాక్షసుడి సూటు చేశాను. స్పాంజి మీద లేటెక్స్, చూడ్డానికి అద్భుతం. ముక్కు దగ్గర గాలి రంధ్రాలు బాగా కనపడుతున్నాయని డైరెక్టరు గొణిగితే నేనే రెండు మూసేశాను. రెండో టేకులో లోపలి కుర్రాడు నిలువునా కూలిపోయాడు. జిప్పు చెమటకు బిగుసుకుపోయి రాలేదు, కత్తెరతో కోసి బయటికి లాగాం. బతికాడు, నా అదృష్టం. ఇప్పటికీ సూటు అనగానే ఆ కత్తెర చప్పుడే గుర్తొస్తుంది నాకు. మన దగ్గర ఏప్రిల్ ఎండకు సూటులో మనిషిని పెట్టడం పాపం.

‘ఈ.టీ.’కి ఇటలీ కళాకారుడు కార్లో రాంబాల్డి చేసిన బొమ్మ ఒకటే అనుకుంటారు జనం. యంత్రాలతో కదిలే బొమ్మ ఒక షాట్లో, సూటు వేసుకున్న పొట్టి మనిషి ఇంకో షాట్లో, చేతులు మాత్రం మైమ్ (మాటల్లేని అభినయం) కళాకారిణివి. మన కళ్ళు అన్నిటినీ కలిపి ఒక ప్రాణిగా చేసుకున్నాయి. నువ్వూ ముక్కలుగా చెయ్. ఒక తల, రెండు చేతులు, వీపు. కాళ్ళు అక్కర్లేదు, గోనె కప్పెయ్. డబ్బంతా కళ్ళ మీద పెట్టు. గాజు గోళీ అయితే చచ్చిన చేపలా ఉంటుంది. అరగోళం ప్లాస్టిక్కుకు లోపలి వైపు రంగు వేసి, బయట పారదర్శక రెసిన్ మందంగా పొయ్యి, అప్పుడు దీపం అందులో లోతుగా మెరుస్తుంది. రెప్ప తప్పకుండా ఉండాలి. సైకిల్ బ్రేకు వైరుతో వెనకనుంచి లాగే తోలు రెప్ప చాలు. రెప్ప వేసే బొమ్మ బతికినట్టే, వెయ్యనిది ఎంత ఖరీదు పెట్టినా బొమ్మే.

వాడి గ్రహం మీద బరువు తక్కువ అనుకో, భూమ్మీద వాడికి ఒళ్ళు బరువు. నెమ్మదిగా కదులుతాడు, మాటిమాటికీ కూలబడతాడు. బొమ్మ వేగంగా కదల్లేదన్న మన ఇబ్బంది కాస్తా కథలో భాగమైపోతుంది. చర్మం ఆరిపోకూడదు అన్న నియమం కూడా పెడితే నది వదిలి దూరం పోలేడు, నీకు లొకేషన్ ఖర్చు తగ్గుతుంది. మెరుపు కోసం గ్లిసరిన్ పూయి, నీళ్ళయితే రెండు నిమిషాల్లో ఆరిపోతాయి.

కెమెరా పాప కంటి ఎత్తులో ఉంచు. ‘ఈ.టీ.’లో సగం మంత్రం అదే. పిల్లల ఎత్తు నుంచి చూస్తాం, తల్లి తప్ప పెద్దవాళ్ళ మొహాలు చాలాసేపటి దాకా కనపడవు, నడుముకున్న తాళాల గుత్తి మాత్రం కనిపిస్తుంది. నీకు పోలీసు వేషానికి నటుడు దొరక్కపోతే బూట్లూ లాఠీ చాలు. ఇంకొక మాట, వీలైనంత వరకు సీన్లు కథ వరసలోనే తియ్. వాళ్ళూ దాదాపు అలాగే తీశారు. పాపకు ఆ బొమ్మ అలవాటై, దాని మీద ప్రేమ పుట్టి, ఆఖరి రోజు నిజంగా వదల్లేకపోవాలి. ఆఖరి సీను మొదటి రోజే తీసి గ్లిసరిన్ ఏడుపు పెట్టించకు.

అంతరిక్ష నౌక కోసం కంప్యూటర్ గ్రాఫిక్స్ కుర్రాడికి అడ్వాన్సు ఇవ్వబోతున్నావట. ఆపు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమికి దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటన్నరకో చుట్టు తిరుగుతుంటుంది. సాయంత్రం చీకటి పడ్డాకో, తెల్లారకముందో మన మీదుగా పోయేటప్పుడు పెద్ద నక్షత్రం నడిచిపోయినట్టు ఉంటుంది. ఏ రోజు ఎన్ని గంటలకో నాసావాళ్ళే చెప్తారు. ఫోను స్టాండు మీద పెట్టి, నది అంచు కూడా ఫ్రేములో పడేట్టు చూసుకుని తియ్. నిజమైన ఆకాశంలో నిజంగా కదిలే వెలుగు, ఉచితం.

శబ్దానికి మంచి మైకు అద్దెకు తెచ్చుకో, ఫోను మైకును నమ్మకు, ఒడ్డు గాలి అంతా మింగేస్తుంది. వాడి గొంతుకు ఖాళీ రంజన్‌లో, అదే పెద్ద నీళ్ళకుండలో, తలపెట్టి మాట్లాడి చూడు. ఊపిరికి చేతిపంపు కిర్రుమనే చప్పుడును నెమ్మది చేసి కలుపు. డ్రోను జోలికి పోవద్దు. నక్సలైట్ల, పోలీసుల గొడవలు చూసిన గడ్చిరోలిలో ఎందుకో నీకు నేను చెప్పాలా! స్టేషన్లో ముందే కాగితం ఇచ్చి, ఏ రోజు ఎక్కడ తీస్తారో చెప్పు, బొమ్మ తల కూడా చూపించు. రాత్రి ఒడ్డున గోనె కప్పుకున్న ఆకారం కనిపిస్తే ఎవరైనా బెదురుతారు. వడధాం శిలాజాల పార్కులో తియ్యాలనుంది అన్నావు. రాయిగా మారిన చెట్లు కళ్ళకు బాగానే ఉంటాయి. 1961లో మన దిక్కు పోచంపల్లి దగ్గర తవ్విన బరపాసారస్ అనే డైనోసారు కథా గొప్పదే, రవీంద్రుడి శతజయంతి ఏడాది అని జాతి పేరులో టాగోర్‌ను కూడా చేర్చారు. కానీ 25 నిమిషాల్లో డైనోసారు కూడా దూరితే నీ గ్రహాంతరవాడు ఇరుకున పడతాడు. అది ఇంకో సినిమాకు దాచుకో.

ముగింపులో వాణ్ణి ఎక్కించి పంపించేద్దాం అని రాశావు. పంపకు. కబురు పోయింది, అంతే. 24వ తేదీ సాయంత్రం, జనం తిరిగిపోతున్నారు, షామియానాలు విప్పుతున్నారు, మైకులో ఎవరిదో తప్పిపోయిన చెప్పుల సంగతి చెప్తున్నారు. రింగు నీళ్ళలో సగం మునిగి ఉంది. పాప వేళ్ళ మీద పన్నెండు లెక్కపెట్టి, ‘అప్పటిదాక మా ఇంట్ల ఉండు, బాపుకు నేను చెప్త’ అంటుంది. వాడికొచ్చిన ఒక్క వాక్యం వాడు చెప్తాడు. 2034 చూపించొద్దు.

డబ్బు లెక్క: బొమ్మకూ రింగుకూ 14 వేలు, తిండికి 9, తిరగడానికి 6, మైకు అద్దె 5, ఎడిటింగ్ హార్డ్‌డిస్కుకు 3. తిండిలో కోత పెట్టొద్దు, ఊరికే పనిచేసేవాళ్ళకు అన్నం బాగా పెట్టాలి. మిగిలేది 3 వేలు. దాన్ని ఆఖరి రోజు దాకా ముట్టుకోకు. ఏప్రిల్‌లో ఏదో ఒక సాయంత్రం గాలిదుమారం వస్తుంది, బొమ్మ చెయ్యి ఒకటి తప్పకుండా విరుగుతుంది. రెండో చెయ్యి అచ్చు దాచి పెట్టుకో. తల అచ్చు పొయ్యడం రాకపోతే ప్లాస్టర్ కొనకముందే ఇంటికి రా, ఆదివారాలు ఖాళీగానే ఉంటాను.